మా జార్జియా అమ్మమ్మ

మా ఇంటికి వచ్చినవారెవరైనా ముందుగది గోడమీద ఉన్న ఫోటో చూసి, "ఈ దొరసాని ఎవరు? మిషనరీ అమ్మగారా?" అని అడుగుతారు. మిషనరీ కాదు. ఆమె ఏనాడూ ఇండియాకు రాలేదు. సముద్రము దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అమెరికా దేశములో, దక్షిణాదిన, జార్జియా రాష్ట్రములో ఒక పల్లెటూరిలో 1908లో పుట్టి, పుట్టింటికి నాలుగు మైళ్ళ దూరములో కాపురము చేసి, 1995లో అదే ఊరి మెథడిస్టు గుడి వెనుక సమాధి చేయబడిన ఒక రైతు భార్య. మేమిద్దరమూ ఆమెను అమ్మమ్మ అని పిలిచాము. ఆ ముచ్చట చాలామందికి నోటితో చెప్పాము గాని, అందులో ఒక భాగమును ఎప్పుడూ దాటవేస్తూ వచ్చాము. ఇప్పుడు మేము కూడా ఆమె వయస్సుకు దగ్గర పడుతున్నాము గనుక, మొత్తముగా రాయాలని తలంచాము.

ఆ ఊరివారందరూ ఆమెను పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలిచేవారు. పెండ్లయి, మనుమలను ఎత్తిన ముసలామెను 'మిస్' అనడము మాకు వింతగా తోచింది. అది అక్కడి గౌరవము, మన 'అమ్మగారు' వంటిది. మాకేమో పెద్దవారిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. "మా దేశములో మీ ఈడువారిని అమ్మమ్మ అంటాము" అన్నాము. ఆమె ఆ మాటను 'అమామా' అని పలికారు. ఆ తరువాత మాకు రాసిన ప్రతి ఉత్తరము కింద అలాగే సంతకము పెట్టారు.

మేము 1986 ఆగస్టులో చదువు కొరకు అట్లాంటా చేరాము. వికారాబాదు దగ్గర పల్లెలో, మెథడిస్టు సంఘములో పుట్టి పెరిగినవారము. (మెదకు వైపువారిది ఇంగ్లాండునుండి వచ్చిన వెస్లియన్ మిషను, మాది అమెరికా మిషను. మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు.) అద్దె గది, లెక్కపెట్టుకొని ఖర్చు చేసే డాలర్లు, తెలిసినవారు ఒక్కరూ లేరు. నవంబరులో నాలుగవ గురువారము అక్కడివారు కృతజ్ఞతల పండుగ చేసుకొంటారు. ఆ రోజు దుకాణములన్నీ మూసివేస్తారు, ఎవరింటికి వారు పోతారు. మేము వెళ్ళే గుడిలో, పరదేశపు విద్యార్థులను పండుగకు పిలవదలచినవారు పేర్లు ఇవ్వండి అని ప్రకటన చేశారట. ఆ ప్రకటన ఎవరి ద్వారానో నలభై మైళ్ళ దూరములోని ఆ పల్లెకు చేరింది. పండుగనాటి ఉదయము డెబ్బై ఎనిమిదేండ్ల ముసలామె తన పాత కారు తానే నడుపుకొంటూ వచ్చి మా తలుపు తట్టారు. "మీరు తినకూడనివి ఏమైనా ఉన్నాయా?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. "అన్నీ తింటామమ్మా" అన్నాము. "దేవునికి స్తోత్రం, ఇక నాకు భయం లేదు" అన్నారు.

అమెరికాలో దక్షిణాదివారి ఆతిథ్యము గురించి ఉత్తరాదివారు కూడా గొప్పగా చెప్పుకొంటారు. అది ఎలా ఉంటుందో ఆ రోజు చూశాము. పెద్ద బల్ల మీద టర్కీ కోడి, పంది తొడ మాంసము, చిలగడదుంపలు. వాటికంటె మమ్మల్ని ఆశ్చర్యపరచినవి వేరే ఉన్నాయి. బబ్బెర్లు! మన చేలల్లో పండే బబ్బెర్లే, పంది మాంసపు ముక్క వేసి ఉడికించి పెట్టారు. బెండకాయలు మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించారు. మరునాడు ఉదయము 'గ్రిట్స్' అని ఒకటి పెట్టారు, చూస్తే మా మక్క గటకే. వెన్న వేసుకొని తింటారు, మేము పచ్చిపులుసు లేదే అని బాధపడ్డాము. అక్కడ బిస్కెట్టు అంటే మన టీలో ముంచుకొనే బిస్కెట్టు కాదు. మజ్జిగతో పిండి కలిపి పొయ్యిలో కాల్చిన మెత్తని చిన్న రొట్టె. వేడిగా ఉండగా విప్పి, వెన్న రాసి, చెరకు పాకము పోసి ఇచ్చేవారు. మాకు కారము కావాలేమోనని, పచ్చిమిరపకాయలను సిర్కాలో నానవేసిన సీసా ఒకటి మా పళ్ళెముల దగ్గరే పెట్టారు. నచ్చనిది ఒక్కటే, వారి టీ. అంత చక్కెర పోసి కాచిన టీలో మంచుగడ్డలు వేసి చల్లగా తాగుతారు. మేము ముఖములు చూసుకొన్నాము. అమ్మమ్మగారు కనిపెట్టి, ఏమీ అనకుండా మంచు లేకుండా రెండు కప్పులు వేడిచేసి తెచ్చారు. ఆ తరువాత నాలుగేండ్లు మేము ఎప్పుడు వెళ్ళినా మాకు వేడి టీయే.

ఆమె ఇంట్లో గాజు మూత కింద ఎప్పుడూ ఒక కేకు ఉండేది. పౌను వెన్న, పౌను చక్కెర, పౌను గుడ్లు, పౌను పిండి, అందుకే దాని పేరు పౌండ్ కేకు. "ఎవరు వస్తారో తెలియదు కదా" అనేవారు. ఎవరింట్లో మరణము జరిగినా సాయంత్రానికల్లా ఆ ఇంటికి వండిన గిన్నెలు చేరేవి. ప్రతి గిన్నె అడుగున ఎవరి పేరు వారు రాసిన కాగితపు పట్టీ అతికించి ఉండేది, తిరిగి ఇవ్వడానికి. తిరిగి వచ్చే గిన్నె ఖాళీగా రాకూడదు. ఈ నియమము మన పల్లెల్లో కూడా ఉన్నది గదా అని మేము చెబితే, చాలా సంతోషించారు. బయలుదేరేటప్పుడు వారు "యాల్ కమ్ బ్యాక్" అంటారు. ఇంగ్లీషులో ఒకరినైనా పదిమందినైనా 'యూ' అనే అంటారు గాని, దక్షిణాదివారికి మాత్రము బహువచనము వేరుగా ఉన్నది. మన 'మీరందరూ' వలె. ఆ మాట వినగానే మాకు ప్రాణము లేచివచ్చినట్లుండేది.

హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయము 2వ వచనము ఆమె వంటింటి గోడకు కుట్టుపని చేసిన గుడ్డమీద ఉండేది. అబ్రాహాము మమ్రే దగ్గర ముగ్గురు మనుష్యులను చూసి పరుగెత్తిన సంగతి వచ్చినప్పుడు, "పిండి పిసికింది శారా. పిలిచిన పేరు ఆయనకు వచ్చింది" అని నవ్వేవారు.

మెథడిస్టు పద్ధతులంటే ఆమెకు ప్రాణము. ఉదయమే 'మేడగది' చదివేవారు. 1935లో మొదలైన ఆ చిన్న పుస్తకము తెలుగులో కూడా వచ్చేది. మా నాయనమ్మ ఇక్కడ పల్లెలో అదే చదివేది. ఒకే రోజున రెండు దేశాలలో ఇద్దరు ముసలమ్మలు ఒకే ధ్యానము చదువుతున్నారని తెలిసి అమ్మమ్మగారు కళ్ళు తుడుచుకొన్నారు. జాన్ వెస్లీగారు జార్జియాకు వచ్చిన సంగతి మనలో చాలామందికి తెలియదు. 1736లో సవానా పట్టణానికి వచ్చి, రెండేండ్లు నిండకుండానే నిరాశతో ఇంగ్లాండుకు తిరిగి వెళ్ళిపోయారు. "మా జార్జియావాళ్లు ఆయనకు సరిగ్గా అన్నం పెట్టలేదేమో" అనేవారు అమ్మమ్మగారు. ఒక ఎండాకాలము మమ్మల్ని సేలం క్యాంపు మైదానానికి తీసుకొని వెళ్ళారు. 1828 నుండి అక్కడ కూటములు జరుగుతున్నాయి. కుటుంబాలు వారము రోజులు చిన్న చిన్న చెక్క ఇండ్లలో మకాము ఉంటాయి, వాటిని 'టెంట్లు' అనే అంటారు. చెట్ల కింద వంటలు, పిల్లల పరుగులు, సాయంత్రము పాటలు చూస్తుంటే మాకు ధారూరు జాతర కళ్ళకు కట్టింది.

ఒకసారి మాటల్లో, "చిన్నప్పుడు మీరు మిషను పెట్టెలో వేసిన పైసలతోనే మా ఊరి బడి కట్టి ఉంటారు" అన్నాము, మర్యాదకు. ఆమె తల అడ్డముగా ఊపారు. తన చిన్నతనములో వారి చిల్లర చైనాకు, బ్రెజిలుకు పోయేదట. ఇండియా ఉత్తరాది మెథడిస్టుల వంతు. రెండు మెథడిస్టు సంఘాలు ఎందుకున్నాయని అడిగాము. అప్పుడు చెప్పారు. 1844లో న్యూయార్కులో జరిగిన జనరల్ కాన్ఫరెన్సులో, జార్జియాకు చెందిన జేమ్స్ ఆండ్రూ అనే బిషపుగారికి బానిసలున్నారన్న విషయమై తగవు పుట్టింది. దానితో సంఘము చీలి, దక్షిణాదివారు వేరుగా పోయారు. తిరిగి కలిసింది 1939లో. కలిసినప్పుడు కూడా నల్లవారి సంఘాలను ఒక ప్రత్యేక విభాగములో పెట్టారు, అది 1968 దాకా నడిచింది. "మేము మనుషులను అమ్ముకొనే హక్కు కోసం సంఘాన్ని చీల్చుకొన్నవాళ్ళ మనుమరాళ్ళం" అన్నారు ఆమె. ఆ మాట అప్పుడు మాకు పూర్తిగా ఎక్కలేదు.

1988లో ఒక ఆదివారము భోజనాలయ్యాక మేము గిన్నెలు కడిగి సర్దుతున్నాము. బీరువా పై అరలో, మంచి పింగాణీ సామాను వెనుక, ఒక తగరపు పళ్ళెము, జామ్ సీసా ఒకటి కనిపించాయి. ఆ సీసాను గ్లాసుగా వాడినట్లుంది. "అమ్మమ్మా, ఇవి కుక్కకు పెట్టేవా?" అని నవ్వుతూ అడిగాము. ఆమె నవ్వలేదు. చేతిలోని గుడ్డ మడతపెట్టి, "బయట కూర్చుందాం రండి" అన్నారు. ముందు వరండాలో ఊగుడు కుర్చీలు ఉండేవి. చాలాసేపు ఊగుతూ కూర్చున్నారు.

ఆ పళ్ళెము వంటమనిషిదట. నల్లజాతి స్త్రీ. 1936లో ఆ ఇంట్లో పనికి చేరి, ఇరవై అయిదేండ్లు వండింది. మేము మెచ్చుకొన్న బబ్బెర్ల కూర, బెండకాయ వేపుడు, ఆ బిస్కెట్లు, అన్నీ ఆవిడ చేతి వంటలే. ఆ బెండకాయలు, ఆ బబ్బెర్లు కూడా బానిసలుగా తేబడిన ఆవిడ పూర్వీకులతోపాటు ఆఫ్రికానుండి వచ్చినవే. ఊరంతా అమ్మమ్మగారి చేతిని పొగిడేది. ఆవిడ వెనుక తలుపున వచ్చేది, వెనుక తలుపున పోయేది. అందరి భోజనాలు అయ్యాక వెనుక వసారాలో మెట్టుమీద కూర్చొని ఆ తగరపు పళ్ళెములో తినేది, ఆ సీసాతో తాగేది. "మా అమ్మ ఇంట్లో అలాగే ఉండేది. నా ఇంట్లో అలాగే పెట్టాను. ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించలేదు అంటే అబద్ధం, ఆలోచన వచ్చినప్పుడు తరిమేశాను" అన్నారు.

1961లో ఆ వంటావిడ తల్లి చనిపోయింది. అమ్మమ్మగారు అలవాటు ప్రకారము కేకు చేసుకొని, రైలు పట్టాల అవతల ఉన్న నల్లవారి పేటకు మొదటిసారి వెళ్ళారు. ఇరవై అయిదేండ్లలో మొదటిసారి! చిన్న చెక్క ఇల్లు. ఇంటినిండా చుట్టాలు నిలబడి ఉన్నారు. ఆమెను చూడగానే వంటావిడ లోపలినుండి ఉన్న ఒక్క మంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచినట్లు గుడ్డతో తుడిచి, వేసింది. ఏడుస్తూనే, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గాజు పళ్ళెములో ఆ కేకు ముక్కనే పెట్టి ఇచ్చింది. "తల్లి శవం పక్క గదిలో ఉంది. తనకు ఆ కుర్చీ నాకు వేయాలా వద్దా అన్న ఆలోచనే లేదు. పాతికేళ్ళు నా ఇంట్లో ఉంది, నేను తనకు ఒక్క కుర్చీ వేయలేదు. ఆ కేకు నాకు గొంతు దిగలేదు" అని చెబుతూ అమ్మమ్మగారు అక్కడ ఆగిపోయారు.

మరునాడు వంటావిడ పనికి వచ్చేసరికి భోజనపు బల్లమీద రెండు పింగాణీ పళ్ళెములు పెట్టి ఉన్నాయట. ఆవిడ చూసి, "నాకు ఆకలి లేదు మామ్" అని వెనుక వసారాకు వెళ్ళిపోయింది. భయము. తెల్లవారి బల్లదగ్గర కూర్చున్నదని తెలిస్తే ఊరిలో తన మగపిల్లలకు ఏమి కీడు వస్తుందోనని. అమ్మమ్మగారు రోజూ రెండు పళ్ళెములు పెట్టేవారు, ఆవిడ రోజూ ఆకలి లేదనేది. పదకొండు నెలలు అలాగే నడిచింది. ఈలోగా సంగతి పాకింది. స్త్రీల సమాజములో తనతో కూర్చొని కుట్టుపని చేసిన స్నేహితురాండ్రు ఇద్దరు ఆ ఇంటికి రావడము మానుకొన్నారు. ఒకామె చనిపోయేదాకా రాలేదట. 1962లో ఒక వర్షపు రోజున, వసారా తడిసిపోయి కూర్చొనేందుకు చోటు లేనప్పుడు, వంటావిడ వచ్చి బల్లదగ్గర కూర్చున్నది. ఇద్దరూ మాట్లాడుకోకుండా తిన్నారు. రెండేండ్లకు, 1964లో, హోటళ్ళలో అందరికీ సమానముగా వడ్డించాలని చట్టము వచ్చింది. "చట్టం వచ్చాక అందరం ముందునుంచీ మంచివాళ్ళమే అన్నట్టు మాట్లాడాం" అన్నారు అమ్మమ్మగారు. ఆ పళ్ళెము పారవేయకుండా ఎందుకు దాచారని అడిగాము. "అతిథులు నన్ను మరీ పొగిడిన రోజున తీసి చూసుకొంటాను" అన్నారు.

కథ ఇక్కడితో ఆగితే ఎంతో బాగుండేది. మేము కూడా అలాగే అనుకొని, మరునాడే నలుగురికి సాక్ష్యముగా చెప్పుకొన్నాము. అయితే ఆ వేసవిలోనే ఆ వంటావిడ కుమార్తెను కలిశాము. తల్లి అప్పటికి చనిపోయి తొమ్మిదేండ్లయింది. కుమార్తె అట్లాంటాలో బడిపంతులమ్మ. అప్పుడప్పుడు ఆదివారము మధ్యాహ్నము అమ్మమ్మగారిని చూడటానికి వచ్చేది, ముందు తలుపు గుండానే. ఆ రోజు ముగ్గురము వరండాలో బబ్బెర్లు ఒలుస్తున్నాము, అమ్మమ్మగారు పక్కన కుర్చీలో ఉన్నారు. మేము ఆ బల్ల సంగతి ఎత్తి మెచ్చుకొన్నాము. ఆమె ఒలవడము ఆపకుండానే, "అమ్మకు ఆ బల్ల మీద పెద్ద ఆశ ఉండేది కాదండి. వసారాలో తింటే కనీసం కాళ్ళు చాపుకోవచ్చు అనేది. అమ్మకు కావలసింది జీతం" అన్నది. ఇండ్లలో పనిచేసేవారికి కూడా 1951 నుండి ముసలితనపు పింఛను చట్టము వర్తించిందట. యజమాని తన వంతు కట్టాలి. చాలామంది కట్టలేదు. అమ్మమ్మగారు కూడా మొదటి పదేండ్లు కట్టలేదు. మేము ఇబ్బందిపడి అమ్మమ్మగారి వైపు చూశాము. ఆమె, "నిజమే. కుర్చీ వేయడం సులభం, అది నాకు ఒక్క సెంటు ఖర్చు కాలేదు. జీతం సంగతి ఆమె అడిగితేగాని చేయలేదు" అన్నారు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కాయలు ఒలవడము మాత్రము ఆపలేదు. ఇంతకాలము తరువాత కూడా ఆమె ఆ ఇంటికి ఎందుకు వచ్చేదో మాకు తెలియదు. అడగాలని చాలాసార్లు అనుకొన్నాము.

ఆ పంతులమ్మే మాకు ఇంకొక సంగతి చెప్పింది. మార్టిన్ లూథర్ కింగ్‌గారు 1959లో ఇండియాకు వచ్చినప్పుడు, తిరువనంతపురములో ఒక బడిలో హెడ్‌మాస్టరు ఆయనను పిల్లలకు పరిచయము చేస్తూ, అమెరికానుండి వచ్చిన మీవంటి అంటరానివాడు అన్నారట. ఆయన మొదట ఉలిక్కిపడి, ఆలోచించి, అది నిజమే అని ఒప్పుకొన్నారట. ఆ సంగతి 1965లో అట్లాంటాలో తన సొంత గుడిలో ప్రసంగములో ఆయనే చెప్పారు. ఇది విని అమ్మమ్మగారు మావైపు తిరిగి, "మరి మీ ఊళ్ళో? మీ ఇంట్లో అందరూ మీ బల్ల దగ్గర తింటారా?" అని అడిగారు.

మేము జవాబు చెప్పాము. మా ఊరి హోటలులో మావారికి వేరే గ్లాసు పెట్టేవారని, తాగిన గ్లాసు మేమే కడిగి సూరు కింద పెట్టేవారమని, పెద్దకులాల బావి దగ్గరకు వెళ్ళనిచ్చేవారు కారని చెప్పాము. అదంతా నిజమే. వారిద్దరూ కళ్ళలో నీళ్ళు పెట్టుకొన్నారు. మేము చెప్పనిది ఏమంటే, మా ఊరిలో క్రైస్తవుల వాడలు రెండున్నాయి. ఒకటే గుడి, ఒకటే గంట. ప్రభువు బల్లదగ్గర ఒకే గిన్నె. గుడి బయటికి వచ్చాక, అవతలి వాడవారి ఇంట్లో మా వాడవారు మంచినీళ్ళు ముట్టరు. పిల్లనివ్వరు, పిల్లను తెచ్చుకోరు. గుడి ఊడ్చి గంట కొట్టే అవ్వ అవతలి వాడ మనిషి. మా ఇంటికి పండుగ పిండివంటల కొరకు వచ్చినప్పుడు మా అమ్మ వాకిట్లోనే పైనుండి వేసేది, చేతులు తగలకుండా. చిన్నప్పటినుండి చూశాము. దెబ్బ తిన్న చోటు చూపించి, కొట్టిన చేతిని వెనుక దాచుకొన్నాము. చదువరులారా, ఆ సాయంత్రము తిన్న కేకు మాకు కూడా గొంతు దిగలేదు.

1990లో తిరిగి వచ్చాము. ఆమె ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి. వాతావరణము, కీళ్ళనొప్పులు, ఎవరు చనిపోయారు, పాస్టరుగారి కొత్త భార్యకు బిస్కెట్టు చేయడము రాదు, ఇవే సంగతులు. 1991లో ఒక రాత్రి మేమిద్దరమూ కూర్చొని, ఆ దాచిన సంగతి నాలుగు పేజీలు రాసి పంపాము. ఆమె మమ్మల్ని అసహ్యించుకొంటారేమోనని భయపడ్డాము. జవాబు మూడు వారాలకు వచ్చింది. ఒక్క పేజీ. మా సంగతి మీద రెండే వాక్యాలు. ఆ అవ్వను భోజనానికి ఎప్పుడు పిలుస్తున్నారు? తారీఖు రాయండి, ఆ రోజు ప్రార్థన చేస్తాను.

తారీఖు రాయక తప్పలేదు. డిసెంబరు 26 అని రాశాము. ఇంట్లో చెబితే మా అమ్మ, "మీ అమెరికా ముచ్చట్లు నా ఇంట్ల వద్దు. పెడితే పెట్టుండ్రి, వాకిట్ల పెట్టుండ్రి" అన్నది. మంచి భక్తురాలు మా అమ్మ. నాలుగు గంటలకే లేచి ప్రార్థించేది. ఆమెను కించపరచడానికి రాయడము లేదు, ఆమె మాకు నేర్పినదే మేము కూడా ఇన్నేండ్లు చేశాము. ఆ రోజు బగారన్నము, కోడికూర వండాము. మేమిద్దరమూ అవతలి వాడకు వెళ్ళి అవ్వను స్వయముగా పిలుచుకొని వచ్చాము. దారిలో అందరూ తలుపుల దగ్గర నిలబడి చూశారు. అవ్వ గుమ్మము దాకా వచ్చి, అరుగుమీద కూర్చున్నది. "లోపలికి రా అవ్వా" అని బతిమాలాము. "నేను తిని వచ్చిన బిడ్డా. ఇంత కూర కట్టియ్యి, ఇంటికాడ తింట" అన్నది. ఆమె కళ్ళు మా అమ్మ గది తలుపు మీదనే ఉన్నాయి. మా అమ్మ ఆ పూట అన్నము తినలేదు. అవ్వకు టిఫిను గిన్నెలో కట్టి పంపించి, మేమిద్దరమూ ఆ వండినదంతా ముందు పెట్టుకొని కూర్చున్నాము.

జరిగినది జరిగినట్లు జార్జియాకు రాశాము. "మా ఇంట్లో పదకొండు నెలలు పట్టింది. మళ్ళీ పిలవండి. ఆమెకు ఏమి జీతం ఇస్తున్నారో కూడా రాయండి" అని జవాబు వచ్చింది. గుడి ఊడ్చినందుకు అవ్వకు సంఘము నెలకు ఇచ్చేది పదిహేను రూపాయలు. అది మేము ఎన్నడూ అడిగి ఎరుగము. సంఘపు కమిటీలో ఆ సంగతి ఎత్తినప్పుడు పడిన మాటలు ఇక్కడ రాయము. నలభై చేశారు, ఆలస్యముగానైనా.

1992లో ఈస్టరు మరునాడు అవ్వ మా ఇంట్లోకి వచ్చింది. జీతము సంగతి చెప్పిపోదామని వచ్చి, మేము కుర్చీ వేస్తే అంచుమీద కూర్చున్నది. అన్నము వద్దన్నది, చాయ్ తాగుతానన్నది. మా అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉన్నది. మాకు తెలియకుండానే మేమిద్దరమూ ఊపిరి బిగపట్టాము. అమ్మ చాయ్ పోసింది, మేము తాగే స్టీలు గ్లాసులోనే. తాను తేలేదు, మా చేతికి ఇచ్చి పంపింది. అవ్వ తాగి, గ్లాసు కడగడానికి లేవబోతే వద్దని కూర్చోబెట్టాము. ఇద్దరు ముసలివారు గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు, వర్షాల గురించి కాసేపు మాట్లాడుకొన్నారు.

అవ్వ వెళ్ళిన తరువాత అమ్మ ఆ గ్లాసు రెండుసార్లు కడిగింది. ఆ సంగతి కూడా జార్జియాకు రాశాము.